మార్షల్ ఇంటి పదిమంది

కోటలూ కుటుంబాలూ – 9వ భాగం

కిందటి భాగం ముగిసేసరికి విలియం మార్షల్ లింకన్ పట్టణంలో గుర్రం మీద ఉన్నాడు. 1217 మే 20వ తేదీ. వయసు డెబ్బై. పోరు మొదలవుతోందన్న ఆత్రంలో తలకు ఇనుప టోపీ పెట్టుకోకుండానే గుర్రాన్ని అదిలించబోతే, పక్కనున్న కుర్రాడు గుర్తుచేయాల్సి వచ్చింది. ఆ రోజుతో ఫ్రెంచి యువరాజు లూయీ ఆశలు కూలిపోయాయి. తొమ్మిదేళ్లకే కిరీటం పెట్టుకున్న మూడో హెన్రీకి రాజ్యం దక్కింది. ఐదారేళ్ల వయసులో కన్నతండ్రే శత్రువు దగ్గర తాకట్టు పెట్టిన పిల్లాడు, సెంటు భూమికి నోచుకోని నాలుగో కొడుకు, టోర్నమెంట్లలో తోటి యోధుల్ని పట్టి విడుదల సొమ్ము రాబట్టుకుని బతికినవాడు, చివరికి పసిరాజు తరఫున దేశాన్ని ఏలుతున్నాడు.

ఇప్పుడు ఆయన ఇంట్లోకి వెళ్దాం. ఆ ఇంట్లో ఐదుగురు కొడుకులు, ఐదుగురు కూతుళ్లు. ఆ కాలంలో ఏ ప్రభువైనా చూసి అసూయపడే సంతానం. అలాంటి ఇల్లు తండ్రి పోయిన ఇరవై ఆరేళ్లకు మార్షల్ అనే పేరు నిలిపే మగబిడ్డ ఒక్కడూ లేకుండా అయిపోయింది.

'మార్షల్' మొదట ఇంటిపేరు కాదు, కొలువు పేరు. రాజుగారి గుర్రాలు, గుర్రపుశాల చూసుకునే ఉద్యోగం. మన కాకతీయుల కాలపు సాహిణి పదవికి దగ్గరగా ఉంటుంది. తాత గిల్బర్ట్ మొదటి హెన్రీ రాజు దగ్గర ఆ పని చేశాడు. ఆయన తర్వాత తండ్రి జాన్ చేశాడు. అన్న చనిపోయాక 1194లో అది విలియం చేతికి వచ్చింది. కొలువు పేరే ఇంటిపేరుగా స్థిరపడింది.

ఆయన కత్తి ఆయనకు పేరు తెచ్చింది. భూమి తెచ్చింది మాత్రం భార్య ఇసబెల్ ద క్లేర్. 1189లో పెళ్లినాటికి ఆమెకు పదిహేడో పద్దెనిమిదో, ఆయనకు నలభై దాటాయి. ఆమె తండ్రి 'స్ట్రాంగ్‌బో' అని పేరుపడ్డ రిచర్డ్ ద క్లేర్. తల్లి ఈఫా ఐర్లండులోని లెన్‌స్టర్ రాజు డర్మట్ కూతురు. ఇసబెల్ తమ్ముడు చిన్నతనంలోనే పోవడంతో వేల్స్ సరిహద్దున వై నది ఒడ్డునున్న చెప్‌స్టో కోట, సముద్రానికి అవతల లెన్‌స్టర్, నార్మండీ వారసత్వం మీద హక్కు, అన్నీ ఆమె వెంటే వచ్చాయి. నిన్నటిదాకా రాజుగారి కొలువులో పడి ఉన్నవాడు ఒక్క పెళ్లితో దేశంలోని పెద్ద భూస్వాముల్లో ఒకడయ్యాడు. పెంబ్రోక్ ఎర్ల్ బిరుదు పదేళ్ల తర్వాత, 1199లో చేతికందింది.

చెప్‌స్టో కోటలో ఇప్పటికీ ఒక జత ఓక్ తలుపులున్నాయి. బయట ఇనుప రేకులు, లోపల చెక్కబద్దీల జాలీ బిగింపు. కొయ్య వలయాలు లెక్కించి చూస్తే 1190కి ముందువని తేలింది. 1962 దాకా అవి కోట ద్వారానికే ఉండేవి, ఇప్పుడు లోపల భద్రపరిచారు. ఐరోపాలో మిగిలిన కోట తలుపుల్లో ఇంత పాతవి లేవంటారు. కొత్త పెళ్లికొడుకు అత్తింటి కోటకు చేయించిన తలుపులని నేను అనుకుంటాను. ఈ భాగం చివర మళ్లీ వాటి దగ్గరికే రావాలి, గుర్తుంచుకోండి.

భూమి ఎవరిదన్న సంగతి మార్షల్ ఎన్నడూ మరిచిపోలేదు. 1207లో జాన్ రాజు కోపగించి ఆయన్ను ఐర్లండు నుంచి వెనక్కి పిలిపించినప్పుడు, కిల్‌కెన్నీలో లెన్‌స్టర్ సామంతులందర్నీ పిలిచి, గర్భవతిగా ఉన్న ఇసబెల్‌ను చెయ్యిపట్టి సభలోకి తీసుకొచ్చాడు. ఈమె మీ ప్రభువు బిడ్డ, ఇక్కడ నాకున్నదంతా ఈమె వల్లనే, నేను లేనప్పుడు ఈమెను కాపాడండి అని అప్పగించి వెళ్లాడు. ఆయన లేని కాలంలో తిరుగుబాటు వచ్చింది. ఆమె తరఫువాళ్లు నిలబడి గెలిచారు.

1219 మొదట్లో మార్షల్ మంచం పట్టాడు. లండన్ టవర్‌లో వైద్యులు వచ్చి చూశారు, గుణం కనిపించలేదు. ఎలాగూ పోయే ప్రాణమే కాబట్టి సొంత ఇంట్లోనే పోనివ్వమన్నాడు. థేమ్స్ నదికి ఎదురు, రెడింగ్ దగ్గరి క్యావర్‌షమ్‌కు ఒక పడవలో ఆయన్ను, ఇంకో పడవలో ఇసబెల్‌ను, కుదుపు లేకుండా మెల్లగా తెడ్లు వేసుకుంటూ తీసుకెళ్లారు.

అక్కడ మొదటి పంచాయితీ రాజుగారి గురించి. పదకొండేళ్ల పిల్లాణ్ని ఎవరి చేతుల్లో పెట్టాలి? వించెస్టర్ బిషప్ పీటర్ దె రోష్, ఆ పిల్లాడు తన పెంపకంలోనే ఉన్నాడు కాబట్టి తనకే చెందుతాడని వాదించాడు. ఒక్క రాత్రి ఆలోచించి మార్షల్ ఆ వాదన తోసిపుచ్చాడు. పోప్ ప్రతినిధి పాండుల్ఫ్‌కు అప్పగించాడు. సభలో అందరి ముందూ పెద్దకొడుకు రాజును తీసుకెళ్లి ప్రతినిధి చేతికి ఇస్తుంటే, బిషప్ ముందుకొచ్చి పిల్లాడి తల పట్టుకున్నాడట. వదలమని పెద్దకొడుకు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మార్షల్ కొడుకులకూ ఆ బిషప్‌కూ మధ్య నిప్పు అక్కడే రాజుకుంది. పదిహేనేళ్ల తర్వాత అది ఒక ప్రాణం తీసింది.

తర్వాత సొంత పంపకాలు. ఇంగ్లండు పద్ధతిలో ప్రధాన వారసత్వమంతా పెద్దకొడుక్కే. మిగతావాళ్లకు తండ్రి తలచుకుంటేనే ఏదైనా దక్కుతుంది. పెద్దవాడు విలియంకు ఎర్ల్ పదవి. రెండోవాడు రిచర్డ్‌కు నార్మండీలోని లోంగ్‌విల్ భూములు. మూడోవాడు గిల్బర్ట్ చర్చి చదువులో ఉన్నాడు. నాలుగోవాడు వాల్టర్‌కు కొంత. చిన్నవాడు ఆన్‌సెల్మ్‌కు మాత్రం ఏమీ లేదు. నాలాగే వాడూ సొంత భుజబలంతో పైకొస్తాడులే అన్నాడు తండ్రి. మార్షల్ వెంటే జీవితమంతా నడిచిన అనుచరుడు జాన్ ఆఫ్ ఎర్లీ ఆ మాట పడనివ్వలేదు. పిల్లాడికి కనీసం గుర్రాలకు నాడాలు కొట్టించుకునే డబ్బయినా ఉండాలి కదా అని పట్టుబట్టి, ఐర్లండులో ఏడాదికి 140 పౌన్లు వచ్చే భూమి రాయించాడు. పెళ్లికాని చిన్నకూతురు జోన్ గురించే తండ్రికి ఎక్కువ దిగులు. ఆమె పేర కొంత భూమి, 200 మార్కుల సొమ్ము విడిగా పెట్టాడు.

చివరి రోజుల్లో ఒకనాడు ఆయనకు పాడాలనిపించింది. మూడేళ్లుగా పాట మీదికి మనసు పోలేదట. మంచం మీద పడుకుని పాడితే పిచ్చెక్కిందంటారేమోనని ఊరుకున్నాడు. కూతుళ్లను పిలిస్తే బాగుంటుందని పక్కనున్నవాళ్లు అన్నారు. పెద్దమ్మాయి మాడ్ ఒక చరణం పాడింది. తర్వాత జోన్ వంతు. సిగ్గుతో గొంతు పెగల్లేదు. సిగ్గుపడితే పాట పండదమ్మా అని తండ్రి చెప్పి, పదాలు ఎలా పలకాలో మంచం మీదినుంచే నేర్పాడు. దేశాన్నేలిన మనిషి ఆఖరి రోజుల్లో చిన్నకూతురికి పాట దిద్దుకుంటూ గడిపిన ఆ మధ్యాహ్నం నాకు లింకన్ యుద్ధం కంటే పెద్ద సంగతిగా అనిపిస్తుంది.

ముప్పై ఏళ్ల కిందట జెరూసలేం యాత్ర నుంచి రహస్యంగా తెచ్చి దాచిన రెండు పట్టుగుడ్డల్ని అప్పుడే బయటికి తీయించాడు. తన శవం మీద కప్పడానికి. కొంచెం పాతబడ్డా మెరుపు తగ్గలేదు. దారిలో వానో మంచో పడితే అవి పాడవకుండా పైన ముతక బూడిదరంగు గుడ్డ కప్పాలని, అంత్యక్రియలయ్యాక పట్టును టెంప్లర్ సన్యాసులకు ఇవ్వాలని వివరంగా చెప్పాడు. ఆ టెంప్లర్లలో చేరతానని అప్పుడెప్పుడో మొక్కుకున్నాడు. తెల్లని ఉత్తరీయం ఏడాది ముందే కుట్టించి ఉంచాడు, ఇంట్లో ఎవరికీ తెలియదు. అది భుజాన వేసుకుంటే ఇక ఏ స్త్రీనీ తాకకూడదు. అందుకని ముందుగా ఇసబెల్‌ను దగ్గరికి రమ్మని, ఇదే చివరిసారి అని ముద్దు పెట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. కూతుళ్ల శోకం పట్టలేక వాళ్లను పక్కగదిలోకి తీసుకెళ్లారు.

బీరువాలో యోధులకివ్వాల్సిన కొత్త అంగీలు ఎనభైదాకా ఉన్నాయి. వాటిని అమ్మి ఆత్మశాంతికి ఖర్చు పెట్టమని గుమాస్తా ఒకడు సలహా ఇస్తే మార్షల్‌కు మండిపోయింది. పెంతెకోస్తు పండగ వస్తోంది, నా మనుషులకు కొత్త బట్టలు పెట్టేది నేనే, ఇదే ఆఖరుసారి అన్నాడు. మే 14న ఆయన కన్నుమూశాడు. లండన్‌లోని టెంపుల్ చర్చిలో పూడ్చారు. ఆయనదని చెప్పే రాతి శిల్పం 1941 మేలో జర్మన్ బాంబులకు చర్చి పైకప్పు కూలినప్పుడు దెబ్బతింది. ఇప్పటికీ అక్కడే పడుకుని ఉంది.

ఈ వివరాలన్నీ ఎలా తెలిశాయని అడగొచ్చు. పెద్దకొడుకు తండ్రి కథను ఫ్రెంచిలో కావ్యంగా రాయించాడు. జాన్ ఆఫ్ ఎర్లీ జ్ఞాపకాలే దానికి ప్రాణం. 19 వేలకు పైగా పంక్తులు. శతాబ్దాలపాటు ఎవరి కంటా పడకుండా ఉన్న ఒకే ఒక్క ప్రతిని పందొమ్మిదో శతాబ్దిలో ఫ్రెంచి పండితుడు పాల్ మేయర్ వెలికితీశాడు. కొడుకు డబ్బుతో రాయించిన కావ్యం కాబట్టి పొగడ్త పాలు ఎక్కువే. కానీ కూతురి పాట, వానకు కప్పే ముతకగుడ్డ పొగడ్త కోసం కల్పించేవి కావు.

మరుసటేడే, 1220లో ఇసబెల్ పోయింది. చెప్‌స్టోకు ఎగువన వై ఒడ్డునే ఉన్న టింటర్న్ మఠంలో ఆమె సమాధి.

శాపం కథ ఇక్కడ వస్తుంది. సెయింట్ ఆల్బన్స్ మఠంలో చరిత్ర రాసుకున్న సన్యాసి మాథ్యూ ప్యారిస్ చెప్పింది ఇది. మార్షల్ ఐర్లండులో ఫెర్న్స్ బిషప్ ఆల్బిన్‌కు చెందిన రెండు గ్రామాలు ఆక్రమించుకుని ఎంతకీ వదల్లేదు. బిషప్ ఆయన్ను చర్చి నుంచి వెలివేశాడు. మార్షల్ పోయాక రాజు, బిషప్ కలిసి సమాధి దగ్గరికి వెళ్లారు. నా ఊళ్లు నాకిస్తే విముక్తి చెప్తానన్నాడు బిషప్. పెద్దకొడుకు ఒప్పుకోలేదు, తమ్ముళ్లూ ఒప్పుకోలేదు. అయితే ఒక్క తరంలో ఈ పేరు మాసిపోతుంది, కొడుకులకు సంతు ఉండదు అని శపించి ముసలి బిషప్ వెళ్లిపోయాడు. అంతా జరిగిపోయాక రాసిన కథ ఇది, ఆ సంగతి మరవకూడదు. అయినా ఫెర్న్స్ రైతులకూ మఠాలకూ మార్షల్ 'మహావీరుడు' కాదు, ఊళ్లు గుంజుకున్న పరాయి దొర. ఆ కడుపుమంట నిజం.

పెద్దవాడు రెండో విలియం తండ్రికి తగ్గ కొడుకే. మాగ్నా కార్టా గొడవల్లో తండ్రి రాజు పక్క ఉంటే ఈయన తిరుగుబాటుదారుల పక్కన ఉన్నాడు. 1224లో రాజు చెల్లెలు ఎలనార్‌ను చేసుకున్నాడు. ఆమెకు తొమ్మిదేళ్లు. 1231 మార్చి చివర ఈయన చెల్లెలు ఇసబెల్‌కు రాజు తమ్ముడితో రెండో పెళ్లి జరిగింది. ఆ పెళ్లి సందడి అణగకముందే ఏప్రిల్‌లో విలియం పోయాడు. పదహారేళ్లకే ఎలనార్ విధవ. భర్త ఆస్తిలో బతికినంతకాలం మూడోవంతు ఆమె హక్కు. ఆ మూడోవంతు సంగతి వచ్చే భాగంలో పెద్ద తుఫానే లేపబోతోంది.

రెండోవాడు రిచర్డ్ నార్మండీ నుంచి వచ్చేసరికి రాజు అనుమానంగా చూశాడు. లోంగ్‌విల్ భూములకు ఫ్రెంచి రాజుకు మొక్కినవాడు కదా. అప్పటికే వించెస్టర్ బిషప్ పీటర్ మళ్లీ కొలువులో చక్రం తిప్పుతున్నాడు, తన మనుషులకు కోటలూ పదవులూ పంచుతున్నాడు. న్యాయవిచారణ లేకుండా భూములు లాక్కుంటున్నారని రిచర్డ్ ఎదురుతిరిగాడు. 1233లో రాజుసైన్యం అతని అస్క్ కోటను చుట్టుముట్టింది. రిచర్డ్ వేల్స్ రాజు లెవెలిన్‌తో చేతులు కలిపాడు. ఈలోగా ఐర్లండులో రాజు పక్షపు ప్రభువులు అతని భూముల మీద పడ్డారు. కాపాడుకోవడానికి సముద్రం దాటాడు. 1234 ఏప్రిల్ 1న కిల్డేర్ దగ్గర కుర్రా మైదానంలో వెంట వచ్చినవాళ్లే చాలామంది పోరాడకుండా జారుకున్నారు. మోసం అర్థం కాగానే రిచర్డ్ చేసిన మొదటి పని, వెంట ఉన్న తమ్ముడు వాల్టర్‌ను అక్కణ్నుంచి కోటకు పంపించేయడం. తాను మిగిలిన కొద్దిమందితో నిలబడి గాయపడి, రెండువారాలకు కిల్‌కెన్నీలో పోయాడు. అదే ఏప్రిల్‌లో ఇంగ్లండులో బిషప్ పీటర్‌ను కొలువు నుంచి తీసేశారు. రిచర్డ్ దేనికోసం లేచాడో అది నెరవేరింది, అనుభవించడానికి అతను లేడు. ఐదుగురిలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇతనే.

మూడోవాడు గిల్బర్ట్ చర్చి మనిషి. ఎర్ల్ పదవి మీదపడేసరికి దాన్ని వదిలి, స్కాట్లండు రాజు చెల్లెలు మార్గరెట్‌ను పెళ్లాడాడు. సన్యాసానికి చదివినవాడికి కత్తేం వస్తుందన్న గుసగుసలు ఉండేవి. ఆ మాట పోగొట్టుకోవడానికేమో, 1241 జూన్‌లో రాజు వద్దన్నా హెర్ట్‌ఫర్డ్ దగ్గర టోర్నమెంటుకు దిగాడు. కళ్లెం తెగింది. గుర్రం మీదినుంచి పడ్డాడు కానీ కాలు రికాబులో చిక్కుకుంది. ఈడ్చుకుపోయింది. ఏ ఆటలో తండ్రి దేశానికెల్లా మొనగాడనిపించుకున్నాడో ఆ ఆటలోనే కొడుకు చచ్చిపోయాడు. తండ్రి పక్కనే టెంపుల్ చర్చిలో పెట్టారు.

కుర్రా మైదానం నుంచి అన్న బతికించి పంపిన వాల్టర్ ఐదో ఎర్ల్ అయ్యాడు. ఆ నిషిద్ధ టోర్నమెంటులో అతనూ ఉన్నాడని రాజు కొన్నాళ్లు పదవి ఇవ్వకుండా సతాయించాడు. 1245 నవంబరు 24న గుడ్రిచ్ కోటలో వాల్టర్ కాలం చేశాడు. నాడాల ఖర్చుకని భూమి రాయించుకున్న చిన్నోడు ఆన్‌సెల్మ్‌కు వంతు వచ్చింది. నెల తిరగలేదు. ఎర్ల్‌గా పట్టం కట్టించుకోకముందే డిసెంబరులో చెప్‌స్టోలో పోయాడు. ఇద్దర్నీ టింటర్న్‌లో తల్లి ఉన్నచోటే పూడ్చారు. ఐదుగురికీ పెళ్లిళ్లయ్యాయి, ఐదుగురికీ వారసుడు లేడు.

కొడుకులు లేకపోతే ఆస్తి కూతుళ్లకు సమానంగా పంచాలి. ఇంగ్లండులో పెద్దకొడుకు చట్టం ఎంత కఠినమో ఇదీ అంతే కఠినం. కాబట్టి 1246, 1247లలో పంపకాలు మొదలయ్యాయి. ఒక్క లెన్‌స్టర్‌నే చూడండి. కార్లో పెద్దకూతురు మాడ్‌కు. కిల్‌కెన్నీ ఇసబెల్ సంతానానికి. కిల్డేర్ సిబిల్ సంతానానికి. డునమేజ్ కోట, చుట్టుపక్కల భూములు ఈవా వైపువాళ్లకు. వెక్స్‌ఫర్డ్ జోన్ సంతానానికి. సిబిల్‌కు ఏడుగురూ ఆడపిల్లలే. ఐదోవంతులో మళ్లీ ఏడోవంతు, అంటే మొత్తంలో ముప్పై ఐదో భాగం ఒక్కొక్కరికి. ఏ ఊరిలో ఎవరి పొలం, ఏ మర ఆదాయం ఎవరిదని రాజుగారి గుమాస్తాలు లెక్కలు కట్టారు. పైగా ఎర్ల్‌ల విధవలకు ఇవ్వాల్సిన భాగాలు అడ్డం.

వంశం ఆగిపోయిందని చరిత్రలు రాసుకున్నది కొడుకుల్ని చూసి. కూతుళ్ల వైపు తిరిగి చూస్తే మార్షల్ రక్తం అప్పుడే ఊరూరా పాకింది. నాలుగో కూతురు ఈవా సంగతే తీసుకోండి. ఆమె భర్త విలియం ద బ్రయోజ్‌ను 1230లో లెవెలిన్ ఉరి తీయించాడు. లెవెలిన్ భార్యతో ఏకాంతంగా పట్టుబడ్డాడన్నది నేరం. అప్పటికే ఈవా కూతురికీ లెవెలిన్ కొడుక్కీ పెళ్లి నిశ్చయమై ఉంది. భర్తను ఉరితీసిన మనిషే, ఆ సంబంధం నీకింకా ఇష్టమేనా అని ఈవాకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. పెళ్లి జరిగింది కూడా. నలుగురు ఆడపిల్లలతో విధవైన స్త్రీ ఏమనుకుని ఒప్పుకుందో మనం ఊహించుకోవాల్సిందే.

రెండో కూతురు ఇసబెల్ మునిమనవడు స్కాట్లండుకు రాజైన రాబర్ట్ బ్రూస్. ఇక మాడ్. పంపకాల్లో చెప్‌స్టో ఆమెకు వచ్చింది. తండ్రి చేయించాడనుకున్న ఆ ఓక్ తలుపులు మళ్లీ మార్షల్ బిడ్డకే తెరుచుకున్నాయి. తాత నాటి కొలువు గుర్తయిన మార్షల్ దండం కూడా రాజు ఆమెకే ఇచ్చాడు. పత్రాల్లో తన పేరు ముందు 'ఇంగ్లండు మార్షల్' అని రాయించుకుంది. కొలువు పనులు నార్‌ఫోక్ ఎర్ల్ అయిన కొడుకు రోజర్ చూశాడు. నేటికీ ఇంగ్లండులో రాజ పట్టాభిషేకం ఏర్పాట్లు చేసేది ఎర్ల్ మార్షలే. 2023లో మూడో చార్లెస్‌కు చేసింది నార్‌ఫోక్ డ్యూక్. చేతులెన్ని మారినా ఆ పదవి నార్‌ఫోక్ ఇంటికి మొదట చేరింది మాడ్ ద్వారానే.

తండ్రి మంచం పక్కన మొదట పాడిన మాడ్ 1248 మార్చిలో కన్నుమూసింది. ఐదుగురు అన్నదమ్ములకు కొరివి పెట్టే కొడుకు ఒక్కడూ లేకపోయాడు. ఆమె పాడెను నలుగురు కొడుకులు భుజాల మీద మోసుకుంటూ టింటర్న్ మఠంలోకి తీసుకెళ్లారు.

పదహారేళ్ల విధవ ఎలనార్‌ను మనం మధ్యలో వదిలేశాం. బ్రహ్మచర్యం పాటిస్తానని ఆర్చిబిషప్ ముందు ఒట్టు వేసిన ఆమె, 1238 జనవరిలో రాజుగారి సొంత ప్రార్థనామందిరంలో గుట్టుగా ఇంకో పెళ్లి చేసుకుంది. పెళ్లికొడుకు ఫ్రాన్సు నుంచి వచ్చిన సైమన్ ద మాంట్‌ఫర్ట్. మార్షల్ ఆస్తిలో ఆమెకు రావాల్సిన మూడోవంతుకు బదులు ఏడాదికి 400 పౌన్లతో సరిపెట్టారన్న కోపం ఆ దంపతుల్లో ఏళ్ల తరబడి రగిలింది. మరోవైపు, పాడటానికి సిగ్గుపడ్డ జోన్ కూతుర్ని రాజు సవతి తమ్ముడు విలియం ద వలెన్స్ పెళ్లాడి పెంబ్రోక్ దక్కించుకున్నాడు. వలెన్స్‌కూ మాంట్‌ఫర్ట్‌కూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. 1265 ఆగస్టులో ఈవ్‌షమ్ యుద్ధం ముగిశాక సైమన్ తల నరికి విగ్‌మోర్ కోటలోని ఒక ఇల్లాలికి కానుకగా పంపారు. ఆమె పేరు మాడ్ మోర్టిమర్, ఈవా కూతురు, మార్షల్ మనవరాలు. ఆ తల అక్కడిదాకా ఎలా చేరిందో వచ్చే భాగంలో.